బీరువాలో ఉన్న మా అన్నయ్య ఫోన్‌కి చార్జింగ్ పెట్టించుట గురించి

పోలీస్ స్టేషన్ పెద్దాఫీసరు గారికి,

అయ్యా,

విషయం: తప్పిపోయిన మా అన్నయ్య పోస్టరు మీద మా అన్నయ్య నంబరే ఉన్నది, సదరు నంబరు గల ఫోన్ తమరి బీరువాలో ఆగిపోయి ఉన్నది, దాని గురించి.

మెసేజిలో అర్జీ పంపుతున్నందుకు క్షమించగలరు. స్టేషన్‌కి వచ్చానండి. "ఏంట్రా" అని ఎవరో అడగ్గానే నాకు మాట రాలేదు, వెళ్ళిపోయాను. బయట బల్ల వేసుకుని అర్జీలు రాసే తాతగారు "నోటితో చెప్పలేకపోతే నంబర్లు వేసి రాయి, చదివేవాళ్ళకి తేలిక" అన్నారు. అలాగే రాస్తున్నాను. చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోగలరు.

1. మా అన్నయ్య ఫొటోలు తీస్తాడు. ఆయన తీసి నెట్‌లో పెట్టినవి వేరే స్టూడియో వాళ్ళు ఎత్తుకుపోయి, తాము తీసినట్టు బోర్డు కట్టుకునేవారు. అందుకని వాటర్‌మార్కు వేయడం మొదలుపెట్టాడు. అంటే ఫొటో మీదే పలచగా, వెనక మనిషి కనపడేలా, తన స్టూడియో పేరు, తన ఫోన్ నంబరు. మొదట మూలన చిన్నగా వేశాడు. వాళ్ళు మూల కత్తిరించేసి వాడుకున్నారు. ఇక కోపమొచ్చి నడిమధ్యన వేశాడు, పెదాల దగ్గర్నుంచి గుండెల దాకా. ఎలా వచ్చిందో చూడ్డానికి తన ఫొటోనే తీసుకుని, దాని మీద వేసి నాకు పంపాడు. "ఇప్పుడు కొట్టెయ్యమను చిన్నోడా, నా పీక కోస్తే గానీ ఆ నంబరు పోదు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

2. అందరికీ ఫొటోలు తీసినాయనకి తన ఫొటో అంటూ అదొక్కటే ఉందండి. అక్షరాలు లేని అసలుది కెమెరాలోనే ఉండిపోయింది. ఆయన కనపడకుండా పోయాక తమరి వాళ్ళు ఫొటో అడిగారు. చిన్నప్పటివి ఇస్తే మీసం లేదు, పనికిరావన్నారు. కనుక నా దగ్గరున్నదే ఇచ్చాను. దానితోనే పోస్టరు వేశారు.

3. సదరు పోస్టరు కింద స్టేషన్ నంబరు చీమ తలకాయంత ఉన్నది. మా అన్నయ్య గుండెల మీద ఆయన నంబరు అరచెయ్యంత ఉన్నది. చూసినవాళ్ళు దేనికి చేస్తారండి? బస్సులో టికెట్లు కొట్టే ఆయన మా అమ్మని దారిలో ఆపి అడిగాడు.

"ఏమ్మా, మీకు మనిషి కావాలా వద్దా? ఈ పోలికలున్నాయన కెమెరా సంచీ తగిలించుకుని మా బస్సెక్కాడు. ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫే."

"ఎక్కడ దిగాడు నాయనా?"

"అప్పుడే ఎత్తి ఉంటే చెప్పేవాణ్ణి తల్లీ. ఇప్పుడేం గుర్తుంటుంది, ఎంతమంది ఎక్కుతారు, ఎంతమంది దిగుతారు."

అప్పట్నుంచీ అమ్మ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతోంది. "ఇప్పుడెవరు చేస్తున్నారో" అంటోంది.

4. ఫోన్ వంతెన పిట్టగోడ మీద దొరికిందని తమరి వాళ్ళే తెచ్చి, కవర్లో పెట్టి సీలు వేసి, బీరువాలో పెట్టారు. అంటే మా అన్నయ్యని చూసినవాళ్ళు చేసే ఫోన్లన్నీ తమరి బీరువాకే వస్తున్నాయండి. కానిస్టేబుల్ గారు "అది సాక్ష్యంరా, ముట్టుకోకూడదు" అన్నారు. వంతెన అనగానే అందరూ నీళ్ళ గురించే మాట్లాడతారు. కానీ కెమెరా దొరకలేదు. వానొస్తే మా అన్నయ్య చొక్కా విప్పి కెమెరాకి చుట్టేవాడు, తను తడిసేవాడు. నీళ్ళలోకి దిగే మనిషైతే ఫోన్ పక్కనే కెమెరా కూడా పెట్టి దిగుతాడు కదండీ. తమరు ఆలోచించగలరు.

5. అదే నంబరుకి ఇంకో సిమ్ము అడిగాను. షాపులో అన్న "ఎవరి పేరు మీదుంటే వాళ్ళే వచ్చి వేలిముద్ర వెయ్యాలి" అన్నాడు. ఆయనే కనపడ్డం లేదన్నాను. "కనపడ్డాక తీసుకురా" అన్నాడు.

6. పోస్టరు మీద నంబరుకి కాగితం అంటిద్దామని జిగురు పట్టుకుని వెళ్ళాను. అంటిస్తే నోరు మూసినట్టుంది. పీకేశాను.

7. అక్షరాలు తీసేసే యాప్ కూడా వాడానండి. అక్షరాలు పోయాయి. వాటి కింద ఉండాల్సిన పెదాలు, గడ్డం అది తన సొంతంగా ఊహించి పెట్టింది. అమ్మకి చూపించాను. చాలాసేపు చూసి "ఎవర్రా ఈ అబ్బాయి" అంది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టేసి "ఇంకెప్పుడూ చూపించకు" అంది. డిలీట్ చేశాను. కానీ ఇప్పుడు అన్నయ్యని తలుచుకుందామంటే ముందు ఆ మొహమే వస్తోంది, నోరు వేరేవాళ్ళది పెట్టుకుని. కాసేపు ఆగితే గానీ అన్నయ్య రావడం లేదు. కనుక పోస్టరు మార్చమని నేను అడగడం లేదు, అక్షరాలున్నా అదే ఆయన.

నేను కోరునది ఒక్కటే. సదరు ఫోన్‌కి చార్జింగ్ పెట్టించి, ఎవరో ఒకరు వినేచోట ఉంచగలరు. సీలు మొత్తం విప్పక్కర్లేదండి, వైరు దూరేంత చిల్లు చాలు. వచ్చిన ఫోన్ ఎత్తడానికి లాకు తెలియక్కర్లేదు. చార్జరు మా ఇంట్లోనే ఉంది, అన్నయ్య మంచం పక్కన ప్లగ్గుకే వేలాడుతోంది. అమ్మ తీయనివ్వడం లేదు. తమరు సరేనంటే ఎలాగో అడిగి తెస్తాను. కానిస్టేబుల్ గార్లకి తీరిక లేకపోతే నేనే వచ్చి బీరువా పక్కన కూర్చుంటాను. ఫోన్లో అయితే నాకు మాట వస్తుంది.

కావున తమరు దయతో ఈ మెసేజి పూర్తిగా చిత్తగించవలెను. సగంలో ఆపవద్దండి.

తమ విధేయుడు,
పోస్టరులో ఉన్నాయన తమ్ముడు

తా.క.: ఇదంతా టైపు చేసి, పంపే ముందు అలవాటుగా ఆ నంబరుకి చేశాను. రోజూ చేస్తాను. స్విచ్ఛాఫ్ అని ఆవిడ చెప్తుంది, పెట్టేస్తాను. ఇవాళ మోగిందండి. చివరిదాకా మోగింది, ఎవరూ ఎత్తలేదు. అమ్మకి చెప్పలేదు. మళ్ళీ చేయకుండా ముందు తమరికే పంపుతున్నాను. చార్జింగ్ పెట్టింది తమరైతే చాలా థాంక్సండి, పైన రాసిందంతా వదిలేయండి. తమరు కాకపోతే ఒక్కసారి లేచి, ఆ బీరువా తెరిచి, ఫోన్ కవర్లోనే ఉందో లేదో చూసి చెప్పండి.