ఖాతాదారులు ఇద్దరు

సుజాతా,

ఏటా నువ్వు వేసే ట్యాక్స్ రిటర్న్ ఈసారి నేను వేశాను. డార్విన్‌లో వారంగా ఉరుములే తప్ప వాన లేదు.

మన జాయింట్ ఖాతా వడ్డీని సాఫ్ట్‌వేర్ తనే తెచ్చి పెట్టింది. ఖాతాదారులు ఇద్దరని చూపించింది. నువ్వు పోయి ఏడాది దాటినా బ్యాంకుకు నేనింకా చెప్పలేదు.

పక్కన కూర్చున్న అమ్మాయి, "నాన్నా, ఇట్స్ ఆల్ యువర్స్ నౌ. వన్ అని మార్చెయ్. లేకపోతే దే విల్ ఫైండ్ అవుట్," అంది.

సరేనన్నాను. అది లేచి వెళ్లాక ఇద్దరనే ఉంచి, సగం వడ్డీ మాత్రమే నాదని చూపించి పంపేశాను. తప్పని తెలుసు. నువ్వయితే ఒప్పుకునేదానివి కావు.

ఎప్పుడో ఒకరోజు ట్యాక్స్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. మిగతా సగం ఎవరిదని అడుగుతారు. అప్పుడు నువ్వు లేవని రాసి, కింద సంతకం పెట్టాలి.