సీజన్ టూ తర్జుమా

మార్చి 7, శుక్రవారం

రివెట్ సీజన్ టూ ఈ రోజు వచ్చింది. సీజన్ వన్ డాడీ, నేనూ కలిసే చూశాం. హీరో రివెట్ షిప్‌యార్డ్‌లో వెల్డర్. ముఖానికి ఇనప మాస్క్, ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ నెత్తురు. మమ్మీ దాన్ని సాతాను సీరియల్ అంటుంది. ఈ రెండు సీజన్ల మధ్యలో డాడీ కళ్లు పోయాయి. షుగర్. సర్జరీ చేయించినా లాభం లేకపోయింది.

చూద్దాం రమ్మని పిలిచాను. నాకెందుకమ్మా అన్నారు. ఈ మధ్య అన్నిటికీ అదే మాట.

మార్చి 8

పాస్టర్ గారు డాడీకి ఫోన్ చేశారు. ముప్పయ్యో తారీఖు ఆదివారం చర్చి యానివర్సరీ, టెక్సస్ నుంచి గెస్ట్ స్పీకర్ వస్తున్నాడు, తర్జుమా సత్యానందం గారే చెయ్యాలి అని. ఇక్కడ పిస్కాటవేలో మా తెలుగు చర్చికి ఎవరొచ్చి ఇంగ్లిష్‌లో ప్రసంగించినా, పుల్పిట్ మీద పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది మా డాడీయే. ఈసారి కుదరదని ఫోన్ పెట్టేశారు.

తర్జుమాకి కళ్లెందుకు, చెవులు చాలు కదా అన్నాను. అందరి ముందూ ఒకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే పుల్పిట్ ఎక్కాలా అన్నారు. అదీ సంగతి. ఇంట్లోనూ అంతే. గోడలు తడుముకుంటూ పోతారు గానీ ఎవరికీ చెయ్యి ఇవ్వరు. షేవింగ్ తనే చేసుకుంటారు, గడ్డం నిండా గాట్లు.

ముప్పయ్యో తారీఖున ఈయన్ని పుల్పిట్ ఎక్కించకపోతే నా పేరు షెరిన్ కాదు.

మార్చి 9

ముందు సోఫా దాకా తేవాలి కదా. చర్చి నుంచి రాగానే బతిమాలి కూర్చోబెట్టి, తెర మీద జరిగేది ఒక గొంతు చదివి చెప్పే ఆడియో డిస్క్రిప్షన్ ఆన్ చేశాను. రెండు నిమిషాలకే ఆపమన్నారు. వాడి గొంతు జీపీఎస్‌లా ఉందిట. మనిషిని చంపేటప్పుడు కూడా నెక్స్ట్ ఎగ్జిట్ తీసుకోమన్నట్టు చెప్తున్నాడట. అయితే నేను చెప్తానన్నాను. డైలాగులు మీకెలాగూ వినిపిస్తాయి, బొమ్మలు నేను తర్జుమా చేస్తాను అని. ఆ మాటకి కొంచెం నవ్వారు.

మార్చి 11

రెండు ఎపిసోడ్లు అయ్యాయి. నా తర్జుమా దరిద్రంగా ఉందని తేల్చేశారు. కొట్టాడు అంటే చాలదట. దేంతో కొట్టాడు, ఎక్కడ తగిలింది, పడ్డవాడు లేచాడా లేదా. కలపకూడదు, తియ్యకూడదు, మన ఇష్టానికి మెత్తబరచకూడదు. పుల్పిట్ మీద ఇన్నేళ్లూ అదే పద్ధతి అన్నారు.

సరేనని ఉన్నదంతా చెప్పడం మొదలుపెట్టాను. భోజనం టైమ్‌లో ఆ పేగుల గోలేంటని మమ్మీ కిచెన్‌లోంచి కేకలేసింది.

మార్చి 12

ఈ సీజన్ ఎంత చీకట్లో తీశారంటే సగం సీన్లు నాకే కనపడట్లేదు. ఆ మాటే చెప్పాను. డాడీ పడీ పడీ నవ్వారు. ఎన్నాళ్లైందో ఆ నవ్వు విని!

మార్చి 15, శనివారం

ఐదో ఎపిసోడ్. పాడు చేశాను.

రివెట్ నడుం విరిగింది. ఆ తర్వాత మాటల్లేని సీన్ ఒకటి. అంత మనిషీ ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుంటే కూతురు స్నానం చేయిస్తోంది. వీపు రుద్దుతోంది. అతను కళ్లు మూసుకుని ఏడుస్తున్నాడు. నాకు నోరు రాలేదు. రివెట్ కిటికీ దగ్గర కూర్చున్నాడు, బయట వర్షం పడుతోంది డాడీ అని చెప్పేశాను.

డాడీ పాజ్ చెయ్యమన్నారు. వర్షం అలా ఆగి ఆగి, చెంబుతో పోసినట్టు పడదమ్మా అన్నారు. లేచి గోడ తడుముకుంటూ రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

మార్చి 16

చర్చికి రాలేదు.

మార్చి 18

నాతో మాట్లాడట్లేదు. భయంగా ఉంది, ఒళ్లు మండుతోంది కూడా. ఆయన బాధపడతారని అబద్ధం చెప్పాననుకున్నాను. కాదు. ఆ సీన్ చెప్పడం నాకే కష్టమై అబద్ధం చెప్పాను.

మార్చి 20

ఆఫీస్ నుంచి రాగానే తలుపు తోసుకుని వెళ్లాను. పర్మిషన్ అడగలేదు. లాప్‌టాప్ మంచం మీద పెట్టి ఆ సీన్ మొదట్నించీ ప్లే చేశాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్టూల్, సబ్బు, వీపు మీద కుట్లు, మూసుకున్న కళ్లు, కన్నీళ్లు. మధ్యలో ఎక్కడా ఆపలేదు.

ఆ పిల్ల కూడా ఏడుస్తోందా అని అడిగారు. లేదు, తన పని తను చేసుకుంటోంది అన్నాను. తర్వాత, ఆరో ఎపిసోడ్ పెట్టమన్నారు.

మార్చి 21

పొద్దున్నే బాత్రూమ్‌లోంచి పిలిచారు. రేజర్ నాకిచ్చి, గడ్డం కింద జాగ్రత్త అన్నారు.

మార్చి 22

పాస్టర్ గారికి తనే ఫోన్ చేశారు. వస్తాను గానీ మా అమ్మాయి నా పక్కనే నిలబడాలి, స్పీకర్ ఏం చేస్తున్నాడో నాకు చెప్పేవాళ్లుండాలి అని.

మార్చి 30, ఆదివారం

డాడీ నా భుజం పట్టుకుని మెట్లెక్కారు. అందరూ చూశారు. చూడనీ.

ప్రసంగం మధ్యలో గెస్ట్, చనిపోయిన కొడుకు గురించి మొదలుపెట్టి ఆగిపోయాడు. ఏమైందని డాడీ మెల్లగా అడిగారు. ఏడుస్తున్నారు అని చెవిలో చెప్పాను.

డాడీ మైక్‌లోకి వంగి, అయ్యగారు ఏడుస్తున్నారు అని చెప్పారు.

గెస్ట్‌కి తెలుగు రాదు. తను చివర అన్న మాటే తెలుగులో అయిపోయిందనుకుని, కళ్లు తుడుచుకుని, తర్వాతి వాక్యం అందుకున్నాడు.