ఐదో డబ్బా

మార్చి 4
చంపింది నేనే.
పది రోజుల కిందట నేను పెంచుకుంటున్న చెట్టు సాలీడు డబ్బాలో వెల్లకిలా పడి ఉంటే, అమ్మిన షాపువాడికి ఫోన్ చేశాను. చచ్చిపోయింది, పారెయ్ అన్నాడు. కాగితంలో చుట్టి చెత్తబండిలో వేశాను. ఇవాళ పశువుల డాక్టరమ్మ చెప్పింది. వెల్లకిలా పడుకుంటే అది కుబుసం విడుస్తున్నట్టట. చచ్చేవి కాళ్లు కిందికి ముడుచుకుంటాయట. నాది ఎనిమిది కాళ్లూ చాచే ఉంది.
ఆరు నెలలు పెంచాను. బతికుండగానే పారేశాను.

మార్చి 5, సాయంత్రం 6
షాపుకెళ్లి అడిగేశాను. నవ్వాడు. పురుగే కదా, ఇంకోటి పట్టుకెళ్లు అన్నాడు. కస్టమర్లు కూడా నవ్వారు.
వాడి కౌంటర్ మీద అరచేయంత సాలీడు ఒకటుంది. అమ్మడట, రాణి అని ముద్దుగా పిలుస్తాడు. పొట్టి గాజుపెట్టె, అడుగంతా తడి, గాలి ఆడదు. చెట్టెక్కే ప్రాణికి ఎక్కడానికి పుల్లైనా లేదు.
వీణ్ణి ఏడిపించకపోతే నేను నేను కాదు.

మార్చి 9
అక్క ఫోన్. మొగుడు వదిలేసి వెళ్లినప్పుడు కూడా ఇంత ఏడవలేదు కదే అంది. నిజమే.

మార్చి 17
రోజూ ఆ షాపు ముందు నుంచే డ్యూటీకి వెళ్తున్నాను. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది, రాణి మూలకి చేరింది. కాళ్లు ముడుస్తోంది. చావనీ అనుకున్నాను. ఒక్క నిమిషం కాదు, మూడు రోజులుగా అదే అనుకుంటున్నాను.

మార్చి 20
వాడే ఫోన్ చేశాడు. డాక్టరమ్మ నా నంబర్ ఇచ్చిందట. రాణి తినట్లేదు, ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నాడు. ఇప్పుడు అమ్మని అయ్యాను! ఇంటికి తెమ్మన్నాను. తెచ్చాడు. పెట్టె నా చేతికిచ్చి కూడా పట్టు వదల్లేకపోయాడు. చూడ్డానికి బాగుంది.

మార్చి 21
నేను పనిచేసే కట్టుడు పళ్ల ల్యాబ్ నుంచి డ్రిల్ తెచ్చుకున్నాను. ఎవరి నోట్లో పెడతావమ్మా అని సూపర్‌వైజర్ వెక్కిరించాడు. నిలువు డబ్బాకి అటూ ఇటూ కన్నాలు పెట్టాను, గాలి ఇటు దూరి అటు పోయేలా. బెరడు ముక్క నిలబెట్టాను. సీసా మూతలో నీళ్లు. ఒక్క మూలే తడి. తిండికి కీచురాయిని వెయ్యలేదు, నీరసంగా ఉన్నదాన్ని అదే కొరికేస్తుంది.

మార్చి 24
నీళ్లు తాగింది.

ఏప్రిల్ 2
బెరడెక్కింది! పైన తెల్లగా గూడు అల్లుకుంది. కీచురాయిని వేస్తే లటుక్కున పట్టింది. చిన్నపిల్లలా గంతులేశాను.

ఏప్రిల్ 3, మధ్యాహ్నం 1
రాణిని తీసుకెళ్దామని వచ్చాడు. గుమ్మంలోనే ఆపేశాను. చచ్చిపోయింది, పారేశాను అన్నాను. నవ్వితే తగిలిద్దామని ఇంకో నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.
నవ్వలేదు. మెట్ల మీద కూలబడ్డాడు. రోజూ షాపు కట్టేసే ముందు దానితో కాసేపు మాట్లాడేవాడట. ఇంటికెళ్తే మాట్లాడ్డానికి ఎవరూ లేరట. మీ సాలీడు అప్పటికి బతికే ఉందని డాక్టరమ్మ చెప్తేగానీ నమ్మలేదు, ఆరోజు ఫోన్లో నాకు తెలిసిందే చెప్పాను, తెలిసింది తక్కువ అన్నాడు.
లోపల రాణి డబ్బా గోడ మీద పాకుతోంది. తలుపేసేశాను.
గెలిచాను.

ఏప్రిల్ 10
మళ్లీ వచ్చాడు. చేతిలో నాలుగు డబ్బాలు, నాలుగు పిల్ల సాలీళ్లు. ఇక వీటిని అమ్మడట. మీ దగ్గరైతే బతుకుతాయి, ఆదివారాలు వచ్చి చూసుకుపోతాను అన్నాడు. డబ్బాలు అందుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం
ఐదో డబ్బా, రాణిది, బీరువాలో పెట్టాను, బట్టల వెనక. గాలి కావాలి కదా, తలుపు వేలెడంత తెరిచే ఉంచాల్సొచ్చింది.
పిల్ల సాలీళ్లని చూడ్డానికొచ్చి, షాపాయన సరిగ్గా దానికెదురుగానే కూర్చున్నారు. గంటసేపు.