దొరకి నేను నేర్పిన పలకరింపు

అక్కకి,

నీ మొగుణ్ణి పొట్టన పెట్టుకోడానికే దొరకి తెలుగు నేర్పానని నిన్న పడవ మీద ఇక్కడికొచ్చి మావయ్య అన్నాడు. కాదక్కా. వీధిబడి మానేసి ఊరు దాటినవాణ్ణే గానీ అంత పాపిష్టివాణ్ణి కాదు. ముందు నీకు తమ్ముడు సూరి దణ్ణాలు. అమ్మ దగ్గు తగ్గిందా? పిల్ల అన్నం తింటోందా? ఈ ఉత్తరం చేరేసరికి బావ వచ్చే ఉంటాడు. వచ్చే ఉంటాడు.

నేనిక్కడ ధవళేశ్వరంలో బాగానే ఉన్నాను, బెంగపడకు. కాలవలు తవ్వించే దొర దగ్గరే పని. పంతులుగారు ఆయనకి పుస్తకాల తెలుగు చెబుతారు. అది కూలీలకి అర్థం కావడం లేదని, జనం మాట నేర్పడానికి నన్ను పెట్టుకున్నాడు. "మీ రేవు మాటలు మోటురా, అవి ఎక్కించకు. రైతుల మాట చెప్పు" అన్నారు పంతులుగారు. సరేనండి అన్నాను. మనవాళ్ళ మాటంటే నాకూ సిగ్గేసింది.

గట్టు మీద రైతులు ఎదురుపడితే "ఎక్కడికండీ, చేలోకా?" అనుకుంటారు. అదే నేర్పాను. దొర సంబరపడి కనబడినవాణ్ణల్లా అలాగే పలకరించేవాడు. సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాణ్ణి మనం అలా అడగకూడదని, ఎవరైనా అడిగితే ఆ రోజుకి పడవ ఒడ్డునే ఉంచేస్తామని చెప్పలేదు. ఆయన మన రేవుకి వెళ్తాడని అనుకోలేదక్కా.

పడవలు నీళ్ళలోకి తోస్తుంటే దొర టోపీ తీసి "ఎక్కడికండీ?" అన్నాడట. అందరూ వెనక్కి లాగేశారట. బావ ఒక్కడే నవ్వి, "మా బావమరిది నేర్పిన మాటరా అది, దాంతో ఏమవుద్ది" అని వెళ్ళిపోయాడట. నా పరువు కోసమే కదా వెళ్ళాడు. నాలుగు రోజులైందట.

గాలి వీస్తే భయమేస్తోంది. ఆగినా భయమేస్తోంది. అమ్మ పంపిన ఎండుచేపల మూట ఇంకా విప్పలేదు.

దొరకి అంతా చెప్పేశాను. రేపు మన రేవుకి వస్తున్నాడు, నన్నూ రమ్మన్నాడు. "మీ అక్కతో ఏం చెప్పాలి? మీవాళ్ళు ఎలా అంటారో అలాగే నేర్పు" అంటున్నాడు. ఏం నేర్పను? నువ్వు లోపలికి రానివ్వకపోతే వీధిలోనే నిలబడతాను. తిట్టు. తలుపు మాత్రం వేసుకోకు.

ఇది చదివి వినిపించే కరణంగారికి నమస్కారాలు. అమ్మకి దణ్ణాలు, దీవించమను. బావకి దణ్ణాలు. ఈ మాట కొట్టెయ్యను.

మావయ్య పడవ విప్పుతున్నాడు, ఉత్తరం అందించాలి. వెళ్ళాలి.

సూరి