కాగితం లేని నా కూతురికి నూట అరవై ఎకరాలు

మోంటానా రాష్ట్రం, బిటర్ క్రీక్ కౌంటీలో ఉంటున్న ఆల్మా రూత్ హెగ్డాల్ అనే నేను, వయస్సు అరవై ఎనిమిది, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న మరణశాసనం ఇది. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. బుద్ధి మాత్రం పూర్తిగా పనిచేస్తోంది. మధ్యలో ఇరవై రెండేళ్ళు పనిచేయలేదని ఎవరైనా వాదిస్తే నేను కాదనను. ఆ ఇరవై రెండేళ్ళలో నా భర్త టైపు చేసి నాచేత సంతకం పెట్టించిన ప్రమాణపత్రాలు, ఈ దేశానికీ నాకూ సంబంధం లేదన్న నోటీసులు అన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఈ కౌంటీ కోర్టుకు నా మీద అధికారం ఉంది. ఆ మాట రాసి, రెండుసార్లు చదువుకున్నాను.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత లాయరు నీనా బ్రోడీకి అప్పగిస్తున్నాను. ఆవిడ రుసుము ముందే ఇచ్చాను. నా పియానో కూడా ఆవిడదే. మూడు మెట్లు పలకవు.

2. మా పెద్ద పొలంలో ఎవరికీ వాటా రాయలేను, అది మాది కాదు. ఆదాయపు పన్ను కట్టనందుకు ప్రభుత్వం దాన్ని వేలం వేసింది. నా భర్త ఎల్డన్ దొంగ కాడు, తాగుబోతు కాడు. పొరుగువాళ్ళ గోధుమ కోతకు పిలవకుండానే వెళ్ళే మనిషి. 1974లో డ్వైట్ ప్రూయిట్ అనేవాడు మంగళవారం మీటింగులు మొదలుపెట్టాక మారిపోయాడు. కూలి ఆదాయం కిందికి రాదనీ, పన్ను చట్టాన్ని రాష్ట్రాలు సరిగా ఆమోదించలేదనీ, కోర్టులో జెండాకు బంగారు అంచు ఉంటే అది ఓడల తగాదాలు తీర్చే సముద్రపు కోర్టనీ, దానికి మా మీద అధికారం లేదనీ డ్వైట్ చెప్పేవాడు. మోకాలు తడిసేటన్ని నీళ్ళు లేని కౌంటీలో సముద్రపు కోర్టేమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు అందరం తలలూపాం.

3. సదరు డ్వైట్ ప్రూయిట్‌కు ఒక వెండి డాలరు. కాగితం నోటు అసలు డబ్బే కాదని బోధించిన ఆ పెద్దమనిషి, తన ఉపన్యాసాల క్యాసెట్లకు మాత్రం కాగితం నోట్లే లెక్కపెట్టి తీసుకునేవాడు. ప్రభుత్వం మా ఇల్లు చుట్టుముట్టినప్పుడు, “చివరి తూటా దాకా నిలబడాలి తమ్ముడూ” అని ఎల్డన్ భుజం తట్టినవాడు తొమ్మిదోరోజు పొద్దున్నే వెనక లోయలోంచి జారుకున్నాడు. నా ఉన్ని కోటు వేసుకుపోయాడు. అది దొరికితే నా కూతురు లెటాకు చెందుతుంది.

4. నా భర్త ఎల్డన్ హెగ్డాల్ ప్రస్తుతం ఫెడరల్ జైలులో ఉన్నాడు. అతనికి నేను అల్లిన ఆరు జతల మేజోళ్ళు, అతని చదువు కళ్ళద్దాలు, మా పెళ్ళి ఫోటో. క్షమించానని కూడా రాయమని పాస్టర్ గారు సలహా ఇచ్చారు. రాయను. కారణం కోర్టువారికి తెలియాలి.

మా లెటా నా నలభై రెండో ఏట పుట్టింది. ఒక్కతే. జనన పత్రం తీసుకుంటే బిడ్డను ప్రభుత్వానికి తాకట్టు పెట్టినట్టేనని ఎల్డన్ నమ్మకం. అందుకని ఇంట్లోనే కన్నాను, ఎక్కడా నమోదు చేయించలేదు. 1996 ఫిబ్రవరిలో, వేలంలో కొన్నవాళ్ళకు పొలం అప్పగించమని మార్షళ్ళు, అంటే ఫెడరల్ కోర్టు పోలీసులు, వచ్చారు. ఎల్డన్ తుపాకీ పట్టుకుని తలుపు మూశాడు. ఇరవై ఆరు రోజులు అలాగే గడిచాయి. కరెంటు తీసేశారు. సీసాల్లో నిలవపెట్టిన జింకమాంసం, పీచ్ పళ్ళు తిన్నాం. పదిహేడో రోజు లెటాకు అపెండిక్స్ పగిలింది. పిల్లను పంపితే చాలు, హెలికాప్టర్‌లో తీసుకెళ్తామని అవతలివాళ్ళు ఫోన్‌లో బతిమాలారు. ఎల్డన్ టైపు మిషన్ ముందు కూర్చున్నాడు. ఆమెను ఏ రికార్డులోనూ ఎక్కించబోమని వాళ్ళు సంతకం పెట్టాలట. వాళ్ళు పెట్టి పంపారు. అతను చదివి వెనక్కి తిప్పాడు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తిప్పాడు. పిల్ల గోడవైపు తిరిగి మూలుగుతోంది. నేను పోయి అతని చెయ్యి పట్టుకుంటే, “ఉండవే ఆల్మా, మూడో పేరా ఇంకా సరిగ్గా రాలేదు” అన్నాడు. పిల్ల ప్రాణం పోతుంటే పేరా దిద్దుతున్నాడు! ఏడేళ్ళయింది. ఆ మాట ఇంకా నాకు మింగుడుపడలేదు.

5. కోతకాలపు రంగుల బొంత, అతుకు అతుకూ నేనే కుట్టినది, డిప్యూటీ మార్షల్ రేమండ్ ఒర్టేగాకు. ఆ పదిహేడో రోజే నేను, దూడల్ని మంచులో లాగే చక్రాల్లేని చెక్కబండి మీద లెటాను పడుకోబెట్టి తలుపు తీసుకుని బయటికొచ్చాను. వెనక నా మొగుడి తుపాకీ, ముందు వాళ్ళ తుపాకులు. కంచె దగ్గర తాడు నా చేతిలోంచి జారింది. ఈ అబ్బాయి తన తుపాకీ మంచులో పడేసి వచ్చి తాడు అందుకున్నాడు. “అమ్మా, మీరు నడవండి చాలు, నేను లాగుతా” అన్నాడు. పైవాళ్ళు తర్వాత అతన్ని మందలించారట.

6. మా అమ్మ నాకిచ్చిన భూమి, సర్వే లెక్కలో టౌన్‌షిప్ పదిహేడు, రేంజి ముప్పై, సెక్షన్ ఇరవై రెండులో ఈశాన్యపు పావు, నూట అరవై ఎకరాలు, బావితో సహా. ఎల్డన్ ఎంత గింజుకున్నా మా అమ్మ దీన్ని, పన్ను తప్పించుకోవడానికి అతను పెట్టిన ట్రస్టులో కలవనివ్వలేదు. పన్ను ఈ ఏడాదిదాకా కట్టాను. దీన్ని సర్వహక్కులతో నా కూతురు లెటాకు దఖలు పరుస్తున్నాను.

ఫలానా లెటా అని రుజువేమిటని కోర్టు అడుగుతుంది. అడగాలి. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు. డ్రైవింగ్ లైసెన్సు లేదు, బ్యాంకు ఖాతా లేదు, పెళ్ళి లైసెన్సు ఇవ్వడం కుదరదన్నారు. గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాతో ఊళ్ళు తిరుగుతోంది. జనన పత్రం కోసం తండ్రి సంతకం అడగడానికి జైలుకు వెళ్తే, “ఆ కాగితాలకు నేను జవాబివ్వను” అని అద్దం అవతలినుంచి లేచి వెళ్ళిపోయాడు. నేలకు సెక్షను, హద్దులు ఉన్నాయి. పిల్లకు లేవు కాబట్టి నేను రాస్తున్నాను. పొడవు అయిదడుగుల ఏడంగుళాలు. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ, పీచ్ పళ్ళ సీసాలు మరిగించేటప్పుడు పడింది. పొట్ట మీద కుట్లు. కుడిచెవి వెనక పప్పుబద్దంత పుట్టుమచ్చ, నేను తప్ప ఎవరూ చూసి ఉండరు. అబద్ధం చెప్పేటప్పుడు ముందు నవ్వుతుంది. 1977 మే ఆరున, మధ్యాహ్నం, వడగళ్ళు పడుతుంటే పుట్టింది.

7. జనన పత్రానికి నా ఒక్కదాని ప్రమాణం చాలదని కౌంటీ గుమాస్తా అన్నాడు. ఎందుకంటే ఈ దేశంలో లెటా గురించి ఉన్న ఒకే ఒక్క ప్రభుత్వ కాగితం, ఆసుపత్రి చీటీ, నా మాటను కాదంటోంది. పేరు తెలియదు, బంధువులు లేరు అని అందులో ఉంది. అలా ఎందుకుందో నేను ఎవరికీ చెప్పలేదు, లెటాకు కూడా. తప్పంతా ఎల్డన్ మీదికి తోసేశాను.

ఆ రోజు ఆపరేషన్ గది తలుపు దగ్గర ఒక నర్సు నా మోచెయ్యి పట్టుకుంది. “ఏమ్మా, ఈ పిల్లకి నువ్వేమవుతావు? తల్లివా?” అనడిగింది. మంగళవారం మీటింగుల్లో ఇరవై రెండేళ్ళు వల్లించింది నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. “నేను ఏ ప్రశ్నకీ జవాబు చెప్పను” అన్నాను. రెండోసారి అడిగింది. అదే అన్నాను. లెటా కళ్ళు తెరిచే ఉన్నాయి. నావైపే చూస్తోంది. నర్సు రాసుకుని తలుపు మూసింది. అప్పటికి ఎల్డన్ నా పక్కన లేడు, తుపాకీ లేదు, ఎవరూ లేరు. నేనే.

ఆ నర్సు ఎక్కడుందో తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు ఈ వీలునామాలో భాగంగా, ప్రమాణం మీద, కోర్టు రికార్డులో ఎక్కించవలసిందిగా కోరుతున్నాను. అవునమ్మా, తల్లిని. నేను కన్నాను.

తేదీ: 2003 అక్టోబరు 14
సంతకం: ఆల్మా రూత్ హెగ్డాల్

సాక్షులు, మా ఎదుటనే చదివి సంతకం చేశారు:
హోమర్ టిబ్బెట్స్, మందుల షాపు
విల్డా స్కోగెన్, పొరుగు పొలం