ఎర్రబడిందని చెప్పు

కినాంతీ, అన్నం, సోయా గింజల టెంపే కూర మూతపెట్టి ఉంచాను. ముందు నానమ్మకి తినిపించు. మధ్యాహ్నం షుగర్ మాత్ర గూట్లో ఉంది. మిగతా మాత్రలన్నీ సంచిలో వేసుకుని పెద్దాసుపత్రికి పోతున్నాను. గుండె డాక్టరు రాసింది కిడ్నీ డాక్టరు వద్దంటాడు. ఒళ్ళంతా నొప్పులంటే మాత్రం ఎవరూ తమది కాదంటారు. ఈరోజు అన్నీ ఒకే బల్లమీద పోసి, ఎవరో ఒకరు ఆమె సంగతి మొత్తంగా చూసేదాకా కదలను.

నాణెంతో వీపు గీకమని ఏడుస్తుంది. గీకకు. రక్తం పలచబడే మాత్ర వేస్తున్నాం కదా, మొన్న పక్కింటి సుర్తి జాలిపడి గీకితే వీపంతా కమిలిపోయింది. "మీ అమ్మ కోడలు కాదే, బండరాయి" అంటుంది. అననీ.

ఉల్లిపాయ చిదిమి కొబ్బరినూనెలో వెచ్చజేసి, అరచేత్తో మెల్లగా రాయి. దుప్పటి తగిలినా అరుస్తోంది. గీతలు ఎర్రబడితేనే ఒంట్లో చేరిన గాలి పోయినట్టు ఆమె లెక్క. "ఎర్రబడిందా?" అని అడిగితే, "బాగా ఎర్రబడింది నానమ్మా" అను. నేను రోజూ అదే చెప్తున్నాను. అప్పుడు కాసేపు కళ్ళు మూసుకుంటుంది.

నిన్న మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అబద్ధమని తెలుసులేవే, అయినా చెప్పు" అంది. నాకింక చేతకావడం లేదమ్మా.

అమ్మ

ఆ రాగి నాణెం కోసం వెతక్కు, నా దగ్గరే ఉంది. ఇంట్లో ఉంటే ఆ ఏడుపు తట్టుకోలేక నేనే గీకేస్తానేమోనని తీసుకుపోతున్నాను.