ఊడిన వైరు

నారాయణఖేడ్

తమ్మీ నందీశ్వర్,

నీ పాటకు నా జాగల కొత్తగ కీబోర్డు వాయించే శైలశ్రీకి ఏ ఆంప్లిఫయర్ కొనాలని అడిగినవ్. బండి మీద పట్టేటంత చిన్నది, బ్యాటరీతోని నడిచేది కొనియ్యి. సౌండు తక్కువైనా సరే, ఆమె వాయించింది ఆమెకైనా ఇనవడాలె. డీజే మిక్సర్‌ల మాత్రం వైరు పెట్టనియ్యకు.

కంగ్టి పెండ్లిల నేను ఎప్పటిలెక్కనే నా వైరు ఆ మిక్సర్‌లనే పెట్టిన. చెమటలు కారంగ వాయిస్తుంటే జనం ఎగురుతుండ్రు. నడుమల కాలు తాకి నా కీబోర్డు వైరు ఊడింది. కీబోర్డు సప్పుడు మాత్రం ఆగలే. డీజే ఆయన నా సౌండు బంద్ పెట్టి కీబోర్డు రికార్డు నడిపిస్తుండు. నీ దిక్కు చూసిన. నువ్వు తల వంచుకోని పాడుకుంటనే ఉన్నవ్.

ప్రతి పెండ్లి అయినంక "ఒక్క తప్పు పోలే అన్నా" అని మెచ్చుకుంటుంటివి. ఎందుకు పోలేదో ఇప్పుడు సమజైంది.